నిండని ఇన్‌బాక్స్

మెయిలింగ్ లిస్టు మేలా, న్యూస్‌గ్రూపు మేలా తేల్చి రెండు పేజీల నోట్ రాయమని మేష్టారు నాకు పని అప్పగించారు. ఆయన నిజానికి మేష్టారు కాదు. సివిల్స్ రాసి, ఏదో ఒక సర్వీసు తెచ్చుకుని, ఢిల్లీలోనే ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో చేరిన మనిషి. వెనక వచ్చినవాళ్ళకి ఆదివారాలు తెలుగు సాహిత్యం పేపరు చెప్పేవారు కాబట్టి అందరికీ మేష్టారయ్యారు. నేను సివిల్స్ రాసినవాణ్ణి కాదు. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసేవాణ్ణి. ఆ గ్రూపులో నా హోదా ఒకటే, లిస్టు నడిపేవాణ్ణి.

గ్రూపు అంటే, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని ఢిల్లీ గదుల్లో ఉండి చదివేవాళ్ళు, చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు, చదివి మానేసినవాళ్ళు. పాత ప్రశ్నపత్రాలు, నోట్సులు, సందేహాలు, ఖాళీ గదులు, ఊరి నుంచి ఎవరు వస్తున్నారు, ఎవరి పచ్చడి సీసా ఎవరు మోసుకొస్తారు, అన్నీ ఒక్క చిరునామాకే రాసేవారు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. ఒకరు రాసింది అందరి ఇన్‌బాక్సుల్లోనూ పడేది.

ఆ లిస్టు మొదలుపెట్టింది మా అన్నయ్య. సర్వరూ సాఫ్ట్‌వేరూ చూసుకున్నది నేను. నియమాలు మాత్రం అన్నయ్యవి. పాఠం గురించి రాస్తే ఏ పుస్తకం, ఏ పేజీ చెప్పాలి. గది గురించి రాస్తే వరుసగా ఏరియా, అంతస్తు, నీళ్ళు, ఓనరు, అద్దె, ఈ అయిదూ చెప్పాలి. థాంక్స్ చెప్పడానికి లిస్టుకి రాయకూడదు, ఆ మనిషికి విడిగా రాసుకోవాలి. మొదటి రెండు నియమాలూ అందరూ పాటించారు. మూడోది ఎవరూ పాటించలేదు.

గొడవంతా ఆ మూడో నియమంతోనే మొదలైంది. ఆ ఆదివారం బేర్ సరాయ్‌లో, మేం ఎప్పుడూ కలిసే ఆంధ్రా మెస్‌లో, కర్నూలు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒకతను పళ్ళెం పక్కకి తోసి నా మీద పడ్డాడు.

"భయ్యా, సైబర్ కేఫ్‌లో కూర్చుంటే నీ మెయిళ్ళు తుడిచేదానికే గంట సరిపోతాంది. చదవాల్సినవి నాలుగు. మిగతావన్నీ 'థాంక్స్ అన్నా', 'నాకూ పంపు అన్నా'."

"తుడవకపోతే ఏమవుతుంది?" అన్నారు మేష్టారు.

"తుడవకపోతే నిండిపోతాది సార్. మొన్న కోచింగోళ్ళు టెస్టు తేదీ మార్చినామని మెయిల్ పంపినారంట. నా మెయిల్ పెట్టె నిండిపోయి ఉంటే అది వెనక్కి పాయె. టెస్టు పాయె. ఎవుర్ని అడగాల?"

"నన్నడుగు. ఇంకో గరిటె పప్పు వేయిస్తాను."

హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివి వచ్చిన ఇంకొకతను అందుకున్నాడు. "మా హాస్టల్ల న్యూస్‌గ్రూప్ ఉండె సార్. అది మంచిగుంటది. ఎవనికి గావాల్నో వాడు పొయ్యి సదువుకుంటడు. ఇంటికొచ్చి తలుపు కొట్టదు."

"మరి మన ఇంజినీరు గారేమంటారు?" అన్నారు మేష్టారు నాకేసి తిరిగి.

న్యూస్‌గ్రూపు మంచిదేనన్నాను. అప్పుడే మేష్టారు ఆ నోట్ సంగతి చెప్పారు. రెండింటినీ పోల్చి, మంచీ చెడ్డా పక్కపక్కన పెట్టి రాయాలి. వచ్చే ఆదివారం అందరూ విని చేతులెత్తుతారు. "పక్షపాతం లేకుండా రాయి నాయనా, ఫైలు మీద నోటింగ్ రాసినట్టు."

రాశాను. నాకు అట్లాంటి పని కష్టం కాదు. మెయిలింగ్ లిస్టు అంటే ఒక్కొక్కరి ఇంటికీ ఒక్కో ప్రతి పంపడం. న్యూస్‌గ్రూపు అంటే మెస్ గోడ మీద నోటీసు బోర్డు పెట్టడం. ఉండేది ఒకే ప్రతి, కావలసినవాడు వెళ్ళి చూసుకుంటాడు. లిస్టులో పది సంభాషణలు కలగలిసి వస్తాయి. న్యూస్‌గ్రూపులో ఏ ప్రశ్న కింద దాని జవాబులు చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి. లిస్టులో పెట్టెలు నిండుతాయి, న్యూస్‌గ్రూపులో నిండేది సర్వర్ ఒక్కటే, అదీ పాతవి కొన్నాళ్ళకి వాటంతటవే చెరిగిపోతాయి. కేఫుల్లో న్యూస్‌గ్రూపు చదివే సాఫ్ట్‌వేర్ ఉండదు కాబట్టి వెబ్‌లో చదివే ఏర్పాటు చేయాలి. అది నేను చేయగలను. ఇట్లా పాయింటు వెంట పాయింటు రాసుకుంటూ వెళ్తే దాదాపు అన్నింటిలోనూ న్యూస్‌గ్రూపే గెలిచింది.

ఒక్క పాయింటు దగ్గర ఆగాను. మెయిలింగ్ లిస్టుకి సభ్యుల జాబితా ఉంటుంది. ఎవరికి అందుతోందో, ఎవరికి అందటం లేదో నడిపేవాడికి తెలుస్తుంది. న్యూస్‌గ్రూపుకి సభ్యులుండరు. ఎవరు చదువుతున్నారో, ఎవరు మానేశారో ఎవరికీ తెలియదు. ఇది మంచి కిందికి వస్తుందా, చెడ్డ కిందికి వస్తుందా? ఏ వైపూ వేయకుండా విడిగా రాసి పెట్టాను.

ఎందుకు ఆగానో చెప్పాలంటే అన్నయ్య సంగతి చెప్పాలి.

అన్నయ్య ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక మేడ మీది గదిలో ఉండి చదివేవాడు. నాలుగు ప్రయత్నాలకే అవకాశం. నాలుగోసారి ఫలితాలు వచ్చాయి, అందులో తన నంబరు లేదు. తర్వాతి వారం గది ఖాళీ చేశాడు. పుస్తకాలు ఎవరికో ఇచ్చేశాడు. సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో ఉండే మా అక్కకి ఒక బూత్ నుంచి ఫోన్ చేసి, "కొన్నాళ్ళు నన్ను వదిలేయండి అక్కా. వెతకొద్దు" అని పెట్టేశాడు. అంతే. అక్కడి నుంచి ఒక్క మాట లేదు. మా అమ్మానాన్నలు మేం కాలేజీల్లో ఉండగానే పోయారు. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఇల్లంటే అక్క ఇల్లే. అందుకని తను వెళ్ళగలిగిన ఊరు కూడా వేరే ఏమీ లేదు. తెనాలిలో ఉన్న ఇద్దరు ముగ్గురు బంధువులకి బావ ఫోన్ చేశాడు. అక్కడికి రాలేదన్నారు.

నేను అన్నయ్యకి మెయిల్ రాశాను. జవాబు లేదు. మెయిల్ చదివాడో లేదో తెలుసుకునే మార్గం లేదు. అప్పుడు నాకు తట్టిన విషయం ఒకటుంది. అన్నయ్య ఇంకా లిస్టులో సభ్యుడే. ఉచిత మెయిల్ పెట్టె చిన్నది. మా లిస్టు నుంచి రోజూ వెళ్ళే మెయిళ్ళకి, ఎవరూ తుడవకపోతే, కొద్ది వారాల్లో నిండిపోవాలి. నిండితే మెయిల్ బౌన్స్ అయి, అంటే అందకుండా వెనక్కి తిరిగి, నాకు వస్తుంది. బౌన్స్ రావటం లేదు. అంటే ఆ పెట్టెని ఎవరో తెరిచి ఖాళీ చేస్తున్నారు. ఆ పాస్‌వర్డ్ తనకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇది అక్కకి చెప్పాను. అక్క వంటింట్లో చింతపండు పిసుకుతోంది. చేయి అట్లాగే గిన్నెలో ఉంచి విన్నది.

"అంటే ఏందిరా చిన్నోడా? బాగున్నాడనా?"

"బాగున్నాడో లేదో తెలియదు. కంప్యూటర్ ముందుకొచ్చి కూర్చుంటున్నాడు. అంతవరకు తెలుసు."

"కూర్చోడానికి ఓపికుందిగా. తింటున్నట్టేగా."

"అది తెలియదక్కా."

"నీకేం అనిపియ్యదంట్రా?"

ఆలోచించి చెప్పాను. "అనిపించేంత సమాచారం ఇంకా రాలేదు."

గుమ్మంలో నిలబడి వింటున్న బావ అక్కతో అన్నాడు. "విన్నావా? ఒకడి పెట్టె పనిచేస్తోంది, జవాబు లేదు. ఇంకోడు జవాబు చెప్తున్నాడు, సర్వర్ డౌను."

అక్క నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అది నిజమేనని మాత్రం అనుకున్నాను. ఆ రోజుల్లో నేను ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి, చార్టర్డ్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే కూర్చునేవాణ్ణి, ఇచ్చిన పని ఇచ్చినట్టు ముగించేవాణ్ణి. టిఫిన్ డబ్బా తెరిస్తే అందులో ఏముందో మూత పెట్టాక గుర్తుండేది కాదు. పొద్దున ఆఫీసులో కూర్చోగానే మొదట బౌన్సుల ఫోల్డర్ చూసేవాణ్ణి. ఖాళీగా ఉంటే మూసేసి పని మొదలుపెట్టేవాణ్ణి.

ఒక రోజు అది ఖాళీగా లేదు. అన్నయ్య చిరునామా నుంచి బౌన్సులు వచ్చి ఉన్నాయి. 'పెట్టె నిండింది' అని కారణం. మరుసటి రోజు ఇంకొన్ని. వరుసగా అట్లా వస్తుంటే లిస్టు సాఫ్ట్‌వేర్ ఆ చిరునామాని తనంతట తానే తీసేస్తుంది. ఆ హద్దుని చేత్తో పెంచాను. అక్కకి చెప్పలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్ళాను.

అప్పుడు మెట్రో ఇంకా అక్కడికి రాలేదు. రోడ్డు మధ్యలో స్తంభాలు వేస్తున్నారు. రేకుల వెనక మట్టి, రేకుల మీద హెచ్చరికలు. అన్నయ్య ఉన్న ఇంటి ఓనరు మెట్ల దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"ఆప్‌కా భాయీ? వో తో కబ్ కా గయా. బహుత్ శరీఫ్ లడ్‌కా థా. కమ్రా దేఖ్‌నా హై క్యా? ఖాలీ హై."

అన్నయ్య ఎప్పుడో వెళ్ళిపోయాడట. ఖాళీ గది చూస్తావా అంటే వద్దన్నాను. జిరాక్సు షాపులో అడిగాను. తను కూర్చునే రీడింగ్ రూములో అడిగాను. టీ బండి దగ్గర అడిగాను. అందరికీ అన్నయ్య గుర్తున్నాడు, ఎవరికీ కనిపించలేదు. ఎవరినెవరిని అడిగానో బస్సులో కూర్చుని మళ్ళీ ఒకసారి వరుసగా తలచుకున్నాను, ఎవరైనా మిగిలారేమోనని. మిగల్లేదు.

ఆ వారం చివర్లో బౌన్సులు ఆగిపోయాయి. లిస్టు సెట్టింగులు తెరిచి చూశాను. అన్నయ్య పేరుకి ఎదురుగా ఇదివరకు 'విడివిడి మెయిళ్ళు' అని ఉండేది. ఇప్పుడు 'డైజెస్ట్' అని ఉంది. డైజెస్ట్ అంటే రోజు మొత్తం వచ్చినవన్నీ కలిపి సాయంత్రానికి ఒకే మెయిల్‌గా వెళ్తాయి. ఆ సెట్టింగుని ఇద్దరు మాత్రమే మార్చగలరు, సభ్యుడు లేదా నడిపేవాడు. నడిపేవాణ్ణి నేను. నేను మార్చలేదు.

ఆదివారం సరోజినీ నగర్ వెళ్ళి అక్కకి రెండూ కలిపి చెప్పాను, బౌన్సులు రావడమూ ఆగడమూ. అక్క నా భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"నాకు చెప్పకుండా తిరిగావంట్రా వారం?"

"తేలాక చెబుదామని."

"తేలకపోయుంటే?"

ఎనిమిదేళ్ళ మేనకోడలు హోంవర్క్ ముందు నుంచి తల ఎత్తింది. "మామా, బడే మామా కా మెయిల్ ఆయా క్యా?"

"రాలేదమ్మా. మన మెయిళ్ళు పెద్ద మామయ్యకి అందుతున్నాయి."

"తో వో పఢ్ రహే హైఁ నా. అచ్ఛా హై." చదువుతున్నాడుగా, మంచిదే అని తేల్చేసి మళ్ళీ పుస్తకంలోకి దిగిపోయింది.

బావ అన్నాడు, "రోజంతా తలుపు కొట్టొద్దు, సాయంత్రం ఒక్కసారి కొట్టండి అంటున్నాడు. పోనీలే. తలుపు తీస్తానని చెప్పినట్టేగా."

ఇదీ సంగతి. ఇది జరిగిన కొద్ది వారాలకే బేర్ సరాయ్ మెస్‌లో ఆ ఫిర్యాదు వచ్చింది, మేష్టారు నన్ను నోట్ రాయమన్నారు. అందరినీ విసిగించే ఆ మెయిళ్ళే, 'థాంక్స్ అన్నా'లూ 'నాకూ పంపు'లూ, మా అన్నయ్య పెట్టెని నింపుతున్నాయి. పెట్టె నిండుతుంటేనే దాన్ని ఖాళీ చేసే మనిషి ఉన్నాడని తెలుస్తుంది. గ్రూపు మొత్తం న్యూస్‌గ్రూపుకి వెళ్ళిపోతే లిస్టు నుంచి మెయిళ్ళు వెళ్ళవు. వెళ్ళకపోతే పెట్టె నిండదు. అన్నయ్య ఉన్నా నిండదు, లేకపోయినా నిండదు.

నోట్ అక్కకి చూపించాను. అక్క చదవలేదు. "ఆ మెయిళ్ళు ఆపమాకండిరా" అన్నది.

"అందరికీ ఇబ్బందిగా ఉందక్కా. ఒకతనికి టెస్టు పోయింది."

"అయితే వాడికొక్కడికి ఆపు. పెద్దోడికి ఆపమాకు."

అక్కకి కంప్యూటర్ పెట్టడం కూడా రాదు. కానీ సాంకేతికంగా ఆమె చెప్పింది సరైన పరిష్కారం. దాన్ని గేట్‌వే అంటారు. న్యూస్‌గ్రూపులో ఎవరు ఏం రాసినా దాని ప్రతి ఒకటి పాత లిస్టుకి వెళ్ళేట్టు, లిస్టుకి ఎవరు రాసినా అది న్యూస్‌గ్రూపులో కనిపించేట్టు మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం కూర్చుంటుంది. అది రాయడానికి నాకు పెద్ద సమయం పట్టదు.

తర్వాతి ఆదివారం మెస్‌లో నోట్ చదివాను. అందరూ తింటూ విన్నారు. పాతవి చెరిగిపోతాయన్న చోట కర్నూలతను, "చెరిగిపోనీ, మనం రాసేది శిలాశాసనాలేం కాదు కదా" అన్నాడు. చేతులెత్తమన్నారు మేష్టారు. దాదాపు అందరూ న్యూస్‌గ్రూపుకే ఎత్తారు. నేనూ ఎత్తాను.

"ఒక్క మాట" అన్నాను. "పాత లిస్టు మూసేయను. ఒక చిరునామాకి గేట్‌వే పెట్టి నడుపుతాను. మీకెవరికీ ఇబ్బంది ఉండదు."

"ఎవరయ్యా ఆ ఒక్కడు? నవాబా?" అన్నాడు హైదరాబాదతను.

"మా అన్నయ్య."

అన్నయ్య వెళ్ళిపోయాడని వాళ్ళకి తెలుసు. పెట్టె సంగతి తెలియదు. నిండడం, ఖాళీ కావడం, బౌన్సులు, డైజెస్టు, అన్నీ జరిగిన వరుసలో చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది. చెప్పడం అయ్యాక మజ్జిగ తాగాను.

"నా నోట్సు సగం మీ అన్నవే భయ్యా" అన్నాడు కర్నూలతను. "నన్ను కూడా ఆ లిస్టులోనే ఉంచు. నాకు ఈ న్యూస్‌గ్రూపులు గిట్టవు."

"నువ్వేగా ఇప్పటిదాకా పెట్టె నిండిందని ఏడ్చింది?" అన్నారు మేష్టారు.

"డైజెస్ట్ పెట్టుకుంటా సార్. అదొకటుందని ఎవురు చెప్పినారు నాకు?"

అది నిజమే. డైజెస్ట్ సంగతి నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. సెట్టింగుల పేజీలో ఉంది కాబట్టి అందరూ చూసే ఉంటారనుకున్నాను. మా వాళ్ళలో సెట్టింగుల పేజీ తెరిచేది నేను, అన్నయ్య, అంతే.

న్యూస్‌గ్రూపు మొదలైంది. బాగా నడిచింది. ప్రశ్న కింద జవాబులు వరుసగా కనిపిస్తుంటే మేష్టారికి ముచ్చటేసింది. పాత లిస్టులో ముగ్గురం మిగిలాం, అన్నయ్య, కర్నూలతను, పరీక్షించుకోవడానికి నేను. అందరూ రాసేదంతా రోజూ సాయంత్రం డైజెస్టుగా అన్నయ్యకి వెళ్ళేది. బౌన్స్ అయ్యేది కాదు. వేసవి వెళ్ళింది. కూలర్లు తీసి అటక మీద పెట్టేశారు. అక్క ప్రతి ఆదివారం ఒకే మాట అడిగేది, నేను ఒకే మాట చెప్పేవాణ్ణి.

చలి మొదలవుతుండగా న్యూస్‌గ్రూపులో ఒకమ్మాయి గది గురించి రాసింది. నెల్లూరు నుంచి కొత్తగా వచ్చింది, స్నేహితురాలితో కలిసి ఉండటానికి గది చూసుకుంది. తీసుకోవచ్చా అని సలహా అడిగింది. నియమం ప్రకారం అయిదు వివరాలూ ఇచ్చింది. ఓల్డ్ రాజిందర్ నగర్. పై అంతస్తు. నీళ్ళు రెండు పూటలా. ఓనరు మర్యాదస్తుడు. అద్దె మిగతావాటికన్నా తక్కువ. కింద సందు గుర్తులు రాసింది. చదవగానే తెలిసింది, అది అన్నయ్య ఖాళీ చేసిన గది.

ఇద్దరు ముగ్గురు జవాబులు రాశారు. మంచి ఏరియా అని, వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయమని. నేనేమీ రాయలేదు. ఆ గదికి నేను చాలాసార్లు వెళ్ళాను కానీ, పగలు కూడా ట్యూబ్‌లైటు వెలుగుతూ ఉండేదన్న సంగతి తప్ప నాకు వేరే ఏమీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా గేట్‌వే నుంచి ఒక మెయిల్ వచ్చింది. లిస్టు వైపు నుంచి న్యూస్‌గ్రూపులోకి వెళ్తున్న మెయిల్. పంపిన చిరునామా అన్నయ్యది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పలకరింపు లేదు, కింద పేరు లేదు.

"ఆ గది తీసుకోకండి. ఎదురింటివాళ్ళు ఇంకో అంతస్తు వేసుకున్నాక దానికి వెలుతురు రాదు. పగలు ఏదో, సాయంత్రం ఏదో తెలియదు. చదువుతున్నామనుకుంటాం, కూర్చుని ఉంటాం అంతే. అందులో కొన్నాళ్ళుంటే మెట్లు దిగబుద్ధి కాదు. అదే సందు చివర పాల బూత్ వెనక ఇంట్లో ఆంటీ దగ్గర ఒక గది ఉండాలి, అడగండి. అద్దె ఎక్కువ చెబుతుంది, ఎండ వస్తుంది. మన గదుల వివరాల్లో అయిదు ఉన్నాయి, వెలుతురు లేదు. అది తప్పు. చేర్చండి."

నేను దాన్ని రెండోసారి చదివాను. తర్వాత కాగితం మీద ప్రింట్ తీశాను. ప్రింటర్ దగ్గర ఎవరో నన్ను ఏదో అడిగారు, ఏదో చెప్పాను. సాయంత్రం సెలవు అడక్కుండానే ముందుగా బయటపడి సరోజినీ నగర్ వెళ్ళాను. అక్కకి ఇంగ్లీషు అక్షరాల తెలుగు చదవడం అలవాటు లేదు. నేనే పైకి చదివాను. మెట్లు దిగబుద్ధి కాదన్న చోట అక్క నన్ను ఆపింది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"మనం ఎన్నిసార్లు పోయుంటాం రా ఆ గదికి? లైటెయ్యరా పెద్దోడా, ఇంత చీకట్లో ఎట్లా చదువుతావని నేనే అన్నా. లైటేశాడు. మళ్ళీ అడగలా నేను."

బావ కాగితం తీసుకుని చూశాడు. ఈసారి జోకు వేయలేదు. నన్నడిగాడు. "ఏమయ్యా, ఇది ఎక్కడి నుంచి పంపాడో తెలుస్తుందంటగా మీకు?"

తెలుస్తుంది. మెయిల్ పైన దాగి ఉండే వరసల్లో ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చిందో ఉంటుంది. చూశానని చెప్పాను. ఢిల్లీలోనిదే. ఇంకాస్త వెతికితే ఏ కేఫో కూడా పట్టుకోవచ్చు.

అక్క తల అడ్డంగా ఊపింది. "వెతకమాకు. వెతకొద్దన్నాడు వాడు. దాని ఆనవాలు పట్టుకుని పోతే మళ్ళీ మెయిలు కూడా రాయడు."

"మరేం చేద్దాం?"

"నువ్వే చెప్పు. నీ యంత్రం కదా అది."

రాత్రి నా గదికి వెళ్ళి న్యూస్‌గ్రూపు తెరిస్తే, నెల్లూరు అమ్మాయి 'థాంక్యూ అండీ, పాల బూత్ ఆంటీతో మాట్లాడాం' అని రాసి ఉంది. దాని కింద కర్నూలతను, 'థాంక్స్ అన్నా' అని. దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. ఉద్యోగాలొచ్చి వేరే రాష్ట్రాలకి వెళ్ళిపోయినవాళ్ళు కూడా. ఎవరూ ఎక్కడున్నావని అడగలేదు. మాట పైకి అనుకోకుండానే అందరూ ఆ ఒక్కటి వదిలేశారు. ఒక కొత్తతను, 'థాంక్స్ చెప్పడానికి ఇక్కడ రాయకూడదని నియమం ఉంది కదా' అని గుర్తు చేశాడు. మేష్టారు అతనికి జవాబిచ్చారు. 'ఈ ఒక్కసారికి నియమం సస్పెండ్ చేయడమైనది.' అవన్నీ మర్నాటి సాయంత్రం డైజెస్టులో వెళ్తాయి. పెట్టె కొంచెం నిండుతుంది.

నియమాల పేజీలో గదుల వివరాలకి ఆరోది చేర్చాను, వెలుతురు. చేర్చాక, ఆ ఆదివారం అక్కావాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళి బాల్కనీ పక్క గది చూశాను. ట్రంకు పెట్టెలు, కుట్టు మిషను, మేనకోడలి పాత సైకిలు ఉన్నాయి. ఎండ ఎక్కడిదాకా వస్తోందో నేల మీద చూసుకున్నాను. అక్క వచ్చి ట్రంకు పెట్టెకి రెండో వైపు పట్టుకుంది.

సోమవారం న్యూస్‌గ్రూపులో నియమం ప్రకారం రాశాను.

ఏరియా: సరోజినీ నగర్. అంతస్తు: మొదటిది. నీళ్ళు: పొద్దున, సాయంత్రం. ఓనరు: కేంద్ర ప్రభుత్వం. అద్దె: లేదు. వెలుతురు: తూర్పు బాల్కనీ, పొద్దునంతా ఎండ.

దానికి ఎవరూ జవాబు రాయలేదు. రాయరని నాకు తెలుసు. అది ఎవరి కోసమో అందరికీ అర్థమైంది. ఆ సాయంత్రం డైజెస్టు వెళ్ళింది. బౌన్స్ అవలేదు. తర్వాతి రోజులూ అంతే. నేను ఆఫీసుకి వెళ్ళి వస్తూ ఉన్నాను.

ఒక సెలవు రోజు పొద్దున నేను అక్కావాళ్ళింట్లో ఉండగా తలుపు చప్పుడైంది. మేనకోడలు తీసింది. తీసి అక్కడే నిలబడిపోయింది. అన్నయ్య చిక్కిపోయి ఉన్నాడు, గడ్డం మాత్రం శుభ్రంగా గీసుకున్నాడు. భుజానికి ఒక సంచి. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఉన్నాడు.

అక్క వంటింట్లోంచి వచ్చి చూసింది. ఏదైనా అంటుందనుకున్నాను. "చెప్పులక్కడ విడిచి రారా, ఇప్పుడే తుడిచా" అన్నది. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళి, అక్కడ పంపు తిప్పి, నీళ్ళు అట్లా వదిలేసింది.

బావ పేపరు మడిచాడు. "గది చూసుకోడానికేనా? రండి రండి. ముందు ఓనరుకి ఒక దరఖాస్తు పెట్టుకోవాలి."

అన్నయ్య నవ్వలేదు కానీ, వచ్చాడు. నేను గది చూపించాను. బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఎండ పిట్టగోడ దాటి నేల మీదకొచ్చి ఉంది. చేయి దానిలో పెట్టి తీశాడు, స్నానానికి నీళ్ళు కాగాయో లేదో చూసినట్టు. మాల్వీయ నగర్‌లో ఒక ట్యుటోరియల్లో పిల్లలకి సోషల్ చెబుతున్నానని, పక్కనే కేఫ్ ఉందని, అడక్కుండానే చెప్పాడు.

"ఎన్నింటిదాకా ఉంటుంది ఎండ?"

"భోజనాల వేళ దాకా" అన్నాడు బావ వెనక నుంచి. "సర్కారు వారి ఎండ. లంచ్‌కి వెళ్తే మళ్ళీ సీట్లోకి రాదు."

అన్నయ్య కిందికి చూస్తూ ముక్కుతో ఒక చిన్న శబ్దం చేశాడు. నవ్వే అనుకుంటాను. నాకేదైనా అనిపిస్తుందేమోనని చూసుకున్నాను. అప్పటికింకా ఏమీ లేదు. గుర్తొచ్చిందల్లా సభ్యుల జాబితా. అడిగాను.

"లిస్టులో నీకు మెయిళ్ళు ఆపేయనా? ఇక్కడే ఉంటావుగా."

ఎండలోంచి ఇటు తిరక్కుండానే అన్నాడు.

"ఉండనీరా. సాయంత్రానికి ఒకటేగా వచ్చేది."